ఘాట్ ఎక్కే ముందు ఇంజిన్ వేడి సంగతి చూసుకోండ్రి

మా షెడ్డు శ్రీశైలం రోడ్డు మీద, హాజీపూర్ చౌరస్తా దగ్గర. ఆడికెల్లి ఇంకొంచెం పోతే మన్ననూర్ చెక్‌పోస్టు, దాని అవుతల నల్లమల, ఎక్కుడు రోడ్డు, వంకర్లు. శివరాత్రికి, ఎండాకాలం సెలవులకు పట్నం నుంచి వచ్చే బండ్లు వరుసకు వరుస పోతుంటయి. అండ్ల కొన్ని మా దగ్గర ఆగుతయి, బానెట్ లేస్తది. “అన్నా, హీటెక్కింది, జర చూడు.” చూస్తే చాన మటుకు ఇంటికాడ పావుగంట చూసుకుంటే అయిపోయే పనే ఉంటది. ఆ పావుగంటల ఏం చూడాలె, ఎందుకు చూడాలె, అది చెప్త.

రేడియేటర్, నీళ్లు, ఫ్యాను ఇవన్నీ ఇంజిన్‌ను సల్లగ చేసెతందుకు అనుకుంటరు. సల్లగ చేసుడే పనైతే నీళ్లకు అడ్డం ఒక వాల్వు ఎందుకు పెట్టిండ్రు? ఇంజిన్‌కు ఒక లెక్క వేడి కావాలె. చాన కార్లకు అది 90 డిగ్రీలకు అటూఇటూ. అంతకన్న తక్కువుంటే ఆయిల్ పల్చగ కాదు, పెట్రోల్ సక్కగ ఆవిరి కాదు, లోపలి సామాన్లు తొందరగ అరుగుతయి. మస్తు ఎక్కువైతే హెడ్ (సిలిండర్ల మీది మూత) వంకర పోతది, దాని కింద సందు మూసే గ్యాస్కెట్ పోతది, ఇంకా తోలితే పిస్టన్లు పట్టేస్తయి. డిసెంబర్ల పొద్దుగాల స్టార్ట్ చేసినా, మే నెలల 44 డిగ్రీల ఎండకు ఘాట్ ఎక్కినా, లోపలి నీళ్లు మాత్రం ఆ 90 కాడనే ఉండాలె. గీ సామానంత చేసేది అదొక్కటే పని. ఇది పట్టుకుంటే ఏ పార్టు ఎందుకున్నదో, ఏది పోతే ఏమైతదో మీకే తెలిసిపోతది.

వేడి ఎంతుంటదో చెప్త. మంట లేసినప్పుడు సిలిండర్ల గ్యాసు 2000 డిగ్రీలు దాటుతది. హెడ్ అల్యూమినియం, అది 660 డిగ్రీలకే కరుగుతది. మరెందుకు కరగదంటే మంట రెప్పపాటుల అయిపోతది, ఇవుతల దిక్కు నీళ్లు పారుతనే ఉంటయి. మీరు పోసిన పెట్రోల్ వేడిల మూడోవంతో, అంతకన్న తక్కువో చక్రాల దాక పోతది. ఇంకో మూడోవంతు సైలెన్సర్ల పోతది. ఇగ మిగిలింది చాన మటుకు ఈ నీళ్ల మీదనే పడుతది. అంటే బండిని గుట్ట మీదికి తోసేంత వేడిని, చిన్న కార్లయితే ఓ 4, 5 లీటర్ల నీళ్లు ఎప్పటికప్పుడు మోసుకచ్చి బయట పారబోయాలె. అందుకే అర లీటర్ తక్కువైనా ఘాట్ల తెలుస్తది, ఊర్ల తిరిగితే తెల్వదు.

వాల్వు తీసెయ్యకుండ్రి

ఈ మాట కోసమే ఇదంత రాస్తున్న అనుకున్నా తప్పు లేదు. థర్మోస్టాట్ వాల్వు అంటే అరచేతిల పట్టేంత సామాను. నడిమిట్ల ఇత్తడి బుడ్డి, దాంట్ల మైనం, చుట్టూ స్ప్రింగు. ఇంజిన్ సల్లగున్నప్పుడు వాల్వు మూసుకోని ఉంటది. పంపు తోసిన నీళ్లు రేడియేటర్ దిక్కు పోకుండ, బైపాస్ దారిల ఇంజిన్లనే తిరుగుతుంటయి, తొందరగ వేడెక్కుతయి. 82 డిగ్రీలో, 88 డిగ్రీలో, దాని మీద ఎంత కొట్టి ఉంటే అంతకు రాంగనే మైనం కరిగి ఉబ్బుతది, లోపలి పిన్నును తోస్తది, వాల్వు లేస్తది. ఒక్కసారే మొత్తం తెరుసుకోదు. చెరువు తూము లెక్క, ఎంత కావాల్నో అంతే వదుల్తది. సల్లటి నీళ్లు ఎక్కువొస్తే మైనం గట్టిపడుతది, స్ప్రింగు మళ్ల మూస్తది. బండి నడుస్తున్నంత సేపు ఈ తెరుసుడు, మూసుడు నడుస్తనే ఉంటది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు, ఒట్టి మైనమే. ఇప్పటి కొన్ని బండ్లల్ల దీనికి కరెంటు హీటర్ కూడ పెడుతున్నరు గని మూలం మాత్రం మైనమే.

మా దిక్కు ఒక అలవాటున్నది. ఎండలెక్కువ గదా అని వాల్వు తీసి అవతల పారేస్తరు. “మనకు దీని అవసరం లేదు సార్, ఇది చలి దేశాలోళ్లకు” అని కస్టమర్‌కు చెప్తరు. మొన్న ఎండాకాలం ఒకాయన ఇంటిల్లిపాదితోని దర్శనానికి పోతూ మా దగ్గర ఆగిండు. బండి రోడ్డు మీద మంచిగనే ఉంటదట, హీటు చూపించే ముల్లు కింది గీత దాటదట, మైలేజీ మాత్రం ఎందుకో పడిపోయిందట. మన్ననూర్ ఎక్కుడు మొదలు కాంగనే ముల్లు పైకి లేసింది, ఎనక్కి మళ్లి వచ్చిండు. తీసి చూస్తే ఎవరో వాల్వు తీసేసి ఒట్టి గ్యాస్కెట్ ఏసి బిగించిండ్రు.

“వాల్వు లేకుంటే ఇంకా సల్లగుండాలె గదన్నా, హీటెందుకైతది?” అన్నడు ఆయన. మంచి సవాలు. చాన ఇంజిన్లల్ల ఆ వాల్వుకు రెండు బిళ్లలుంటయి. మీది బిళ్ల రేడియేటర్ దారి తెరుస్తుంటే, కింది బిళ్ల బైపాస్ దారి మూస్తది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటది. వేడి నీళ్లల్ల కొన్ని రేడియేటర్ మొఖం చూడకుండనే తిరిగి ఇంజిన్లకు పోతయి. సాపు రోడ్డు మీద అది నడిసిపోతది. ఎక్కుడు మీద, ఉన్న ప్రతి చుక్కా రేడియేటర్ల పోవాల్సిన టైముల, హీటెక్కిస్తది. ఇగ మైలేజీ సంగతి: ఇంజిన్ ఇంకా సల్లగనే ఉన్నదని సెన్సర్ చెప్తుంటే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ వదుల్తనే ఉంటది. ఆ పెట్రోల్ల కొంత సిలిండర్ గోడ మీదికెల్లి ఆయిల్ల కలుస్తది. వాల్వు ఖర్చు మిగిలిందనుకున్నోళ్లు దాన్ని పెట్రోల్ బంకుల కడుతున్నరు.

వాల్వు మంచిదో కాదో ఇంటికాడ చూసుడు సులువు. ఒక గిన్నెల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టుండ్రి. వాల్వుకు దారం కట్టి, గిన్నె అడుగుకు తాకకుండ నీళ్లల్ల వేలాడదియ్యండ్రి, అడుగు వేడి తాకితే లెక్క తప్పుతది. పక్కన వంటకు వాడే థర్మామీటర్ పెట్టుండ్రి. జ్వరం చూసేది పనికి రాదు, పగులుతది. నీళ్ల అడుగుకెల్లి చిన్న చిన్న బుడగలు లేస్తుంటయి, వాల్వు కదలదు. 82 దగ్గరికి రాంగనే అంచు మీద వెంట్రుక మందం సందు కనవడతది. ఆడికెల్లి చూస్తుండంగనే బిళ్ల లేసుకుంట పోతది. 95 దాటేసరికి 8 మిల్లీమీటర్ల దాక తెరుసుకోవాలె. పొయ్యి ఆర్పితే తిరిగి మూసుకోవాలె. నీళ్లు తెర్లుతున్నా తెరుసుకోకున్నా, సల్లారినంక సందు మిగిలినా మార్చేయాల్సిందే. కొత్తది ఏసేటప్పుడు దాని మీద చిన్న రంధ్రం, అండ్ల ఆడే పిన్ను ఉంటే అది పైకి ఉండేటట్టు పెట్టాలె. గాలి ఆడికెల్లి పోతది.

బండి మీద ఉండంగనే చూడాలంటే: సల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ మీది పైపు పట్టుకోండ్రి. కొద్దిసేపు సల్లగనే ఉండి, తర్వాత ఒక్కసారి చెయ్యి తీసుకునేంత వేడి రావాలె. మొదటినుంచే గోరువెచ్చగ వస్తుంటే వాల్వు తెరిచి ఇరుక్కుంది. ముల్లు పైకి పోయినా పైపు సల్లగనే ఉంటే మూసుకోని ఇరుక్కుంది. కొన్ని బండ్లల్ల వాల్వు కింది పైపు దిక్కు ఉంటది, ఆ బండ్లకు కింది పైపు పట్టి చూడాలె. ఫ్యాను బెల్టులకు చేతులు దూరం పెట్టుకోండ్రి, అంగీ చేతులు మడత పెట్టుకోండ్రి.

ఎప్పుడు హీటెక్కిందో చెప్తే సగం రోగం చెప్పినట్టే

కస్టమర్ రాంగనే నేను అడిగేది: నిలబడ్డప్పుడా, నడుస్తున్నప్పుడా? నిలబడ్డప్పుడు హీటెక్కి, రోడ్డెక్కంగనే దిగితే అది ఫ్యాను. బండి నడుస్తుంటే ఎదురుగాలి రేడియేటర్ పని చేస్తది, ఆగితే గాలి తెచ్చే దిక్కు ఫ్యాను ఒక్కటే. కరెంటు ఫ్యాను బండ్లల్ల చాన మటుకు 95 దాటినంక ఎక్కడో ఫ్యాను ఆన్ అయితది, కొన్ని డిగ్రీలు దిగినంక ఆగుతది. ఇంజిన్ ఐడిల్ల (బండి కదలకుండ, రేసు ఇయ్యకుండ) పెట్టి ఏసీ ఏస్తే కొంచెం సేపట్ల ఫ్యాను తిరగాలె. తిరగకుంటే ఫ్యూజు, రిలే, మోటరు, ఈ వరుసల చూడుండ్రి. ఫ్యూజు రూపాయల్ల పోతది, మోటరు వేలల్ల పోతది, కాబట్టి మోటరు దగ్గర మొదలుపెట్టేటోనికి బండి ఇయ్యకుండ్రి.

బొలెరో లాంటి బండ్లల్ల ఫ్యాను ఇంజిన్ బలంతోనే తిరుగుతది, నడుమ జిగట నూనె ఉన్న కప్లింగు ఉంటది. ఇంజిన్ బంద్ చేసి, తాళం చెవి జేబుల ఏసుకోని, ఫ్యానును చేత్తోని తిప్పుండ్రి. కొంచెం బిగువు ఉండాలె. గిర్రుమని ఒట్టిగ తిరిగిందంటే నూనె కారిపోయింది, వేడెక్కినా ఫ్యాను పట్టు దొరకదు.

సాపుగ తోలినప్పుడు మంచిగుండి, ఎక్కుడు మీదనో, హైవే మీద స్పీడులనో హీటెక్కితే నీళ్లు సరిగ పారుతలేవు: నీళ్లు తక్కువున్నయి, రేడియేటర్ లోపల సున్నం కట్టింది, పంపు రెక్కలు అరిగినయి, లేకుంటే బయటికెల్లి దుమ్ము పట్టింది. ఈ ఆఖరిది మన దిక్కు ఎక్కువ. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, పొట్టు లేస్తది. పత్తి ట్రాక్టర్ల ఎంబడి దూది లేస్తది. ఇవన్నీ రేడియేటర్ ముంగటుండే ఏసీ జాలి, అంటే కండెన్సర్‌కు, రేడియేటర్‌కు నడిమిట్ల పోయి గోడ కట్టినట్టు పేరుకుంటయి. ముంగటికెల్లి చూస్తే సక్కగనే కనవడతది, నడుమ చూస్తేనే తెలుస్తది. ఇంజిన్ దిక్కు నుంచి బయటికి, మెల్లగ పైపు నీళ్లతోని కడుగుండ్రి. సర్వీసింగు కాడి జోరు నీళ్లు కొడితే రెక్కలు పడుకుంటయి, ఇగ గాలి పోదు.

స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే హీటెక్కుతుంటే, నీళ్లు ఎటు పోతున్నయో తెల్వకుండ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం పడాలె. సల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండ వస్తుంటయి. ఆయిల్ మూత కింద చాయ్ రంగు మీగడ కూడ ఉన్నదంటే బండిని ఇంక తోలకుండ్రి, మోపుకపోవాల్సిందే.

మూత చిన్నదని తక్కువ చూడకుండ్రి

రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటది. అది బార్ లెక్క, ఒత్తిడి కొలిచేది. లోపలి ఒత్తిడి అంత దాక పెరగనిస్తది, దాటితే పక్కనుండే నీళ్ల డబ్బాలకు వదుల్తది. ఒత్తిడి ఎందుకంటే మామూలుగ 100 డిగ్రీలకు తెర్లే నీళ్లు, ఒక బార్ ఒత్తిడి ఎక్కువైతే 120 దాక తెర్లవు. సగం కూలెంట్ (నీళ్లల్ల కలిపే మందు), సగం నీళ్లయితే దగ్గర దగ్గర 128 దాక ఆగుతయి. మూత రబ్బరు ఎండి పగిలితే ఒత్తిడి నిలవదు, 105 కాడనే లోపల ఆవిరి పుడుతది. ఆవిరి ఉన్న జాగల నీళ్లు లోహానికి తాకవు, హెడ్‌ల అక్కడొక్కటే వేడి పేరుకుంటది. మూతకు ఇంకో చిన్న వాల్వు కూడ ఉంటది, ఇంజిన్ సల్లారినప్పుడు డబ్బాల నీళ్లను లోపలికి గుంజేది. అది పోతే పొద్దుగాల మీది పైపు చపాతీ అయి కనవడతది. కొత్త మూత కొనేటప్పుడు అదే నంబర్ కొనుండ్రి. గట్టిది మంచిదని 0.9 జాగల 1.3 పెడితే పాత పైపులు పగులుతయి.

నీళ్ల ముచ్చట

మన పాలమూరు, నల్లగొండ బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ గుర్తుకొస్తది గని రేడియేటర్‌కు బాధ ఫ్లోరైడ్‌తోని కాదు. ఆ నీళ్లల్ల ఉండే కాల్షియం, మెగ్నీషియం వేడికి సున్నం అయి పైపుల లోపల పొర కడుతది. రేడియేటర్ సన్న గొట్టాలల్ల ఆ పొర పడ్డదంటే నీళ్లు పోయే దారి తగ్గుతది, పోయిన నీళ్ల వేడి కూడ బయటికి రాదు. సర్వీసు పేరుతోని బోరు పైపు పెట్టి నింపే షెడ్లు ఇప్పటికీ ఉన్నయి. మీరు దగ్గర నిలబడి, బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ చేతికియ్యండ్రి.

“మన దగ్గర మంచు పడదు గదా, కూలెంట్ ఎందుకన్నా?” అని అడుగుతరు. గడ్డకట్టకుండ ఆపుడు దాని ఒక పని మాత్రమే. తెర్లే డిగ్రీ పెంచుతది, అల్యూమినియం తుప్పు పట్టకుండ చూస్తది, పంపు సీలును కాపాడుతది. అట్లని ఒట్టి కూలెంటే పొయ్యకుండ్రి, వేడి మోసుడుల నీళ్లే గట్టివి. కొన్న కూలెంట్ డబ్బా మీద “రెడీ టు యూజ్” అని ఉంటే నీళ్లు కలపొద్దు. కాన్సన్‌ట్రేట్ అయితే డబ్బా మీద చెప్పినంత కలపాలె. రంగు చూసి కొనొద్దు. ఆకుపచ్చయి రెండు డబ్బాలు ఒకటే మందు కావాలని లేదు, గులాబీయి కూడ అంతే. బండి పుస్తకంల ఏది రాస్తే అదే పొయ్యండ్రి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాల్నో కూడ అండ్లనే ఉంటది.

నింపినంక గాలి తీసుడు మర్చిపోవద్దు. మూత తీసిపెట్టి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, ఐడిల్ల ఉంచుండ్రి. వాల్వు తెరుసుకోంగనే నీళ్లు గుబుక్కున దిగుతయి, మళ్ల నింపుండ్రి. బుడగలు ఆగినంక మూత పెట్టుండ్రి. పొంగుతుందంటే ముందే పెట్టేయ్యండ్రి. మూత నేరుగ నీళ్ల డబ్బా మీద ఉన్న బండ్లకు గాలి తీసే నట్టు వేరే జాగల ఉంటది, దాన్ని చూసి వదలాలె.

ఘాట్ల ముల్లు లేస్తే

ఈ దారిల ఒక సంగతి చాన మందికి తట్టదు. పోయేటప్పుడు ఈగలపెంట దాటినంక డ్యాం దాక దిగుడే. డ్యాం దాటినంక సుండిపెంటకు ఎక్కుడు, ఎనకకు వచ్చేటప్పుడు ఆ దిగిందంత ఎక్కుడు. పోయినప్పుడు ఏం కాలేదని ధైర్యం పడొద్దు.

ఇప్పటి బండ్లల్ల ముల్లు 75 డిగ్రీలకూ నడుమనే ఉంటది, 100 దాటినా నడుమనే ఉంటది, అట్ల చూపియ్యాలనే చేసిండ్రు. అది నడుమ నుంచి కదిలిందంటే అప్పటికే ఆలస్యం. కొన్నిటికి ముల్లే ఉండదు, సల్లగుంటే నీలం లైటు, హీటెక్కితే ఎర్ర లైటు. అసలు డిగ్రీలు కనవడాలంటే ఓబీడీ (బండి కంప్యూటర్ చెప్పే లెక్కలు చదివే) సాకెట్‌కు పెట్టే చిన్న రీడర్ కొనుక్కోండ్రి. 90 నుంచి 100 మామూలే, ఏసీతోని ఘాట్ ఎక్కుతుంటే 105 చూపిచ్చినా దిగుతుంటే ఫికర్ లేదు. 110 దాటి పెరుగుతుంటే ఆపాలె. ఇంకోటి, నీళ్లు మొత్తం కారిపోతే సెన్సర్ ఒట్టి గాలిల ఉంటది, ముల్లు కిందనే చూపిస్తది. ముల్లు కిందున్నా హీటర్‌ల సల్లగాలి వస్తుంటే అనుమానపడుండ్రి.

లేస్తున్నదని చూడంగనే ఏసీ బంద్. అద్దాలు దించి హీటర్ ఫుల్ వేడి, ఫుల్ గాలి మీద పెట్టుండ్రి. హీటర్ కూడ ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడి లోపలికి వస్తది, ఉడుకుతది గని ఘాట్ దాటిస్తది. ఒక గేరు దించి మెల్లగ ఎక్కుండ్రి, పంపు జోరుగ తిరుగుతది, ఇంజిన్ మీద బరువు తగ్గుతది. అయినా దిగకుంటే జాగ చూసి ఆగుండ్రి. ఆవిరి రాకుంటే ఓ రెండు నిమిషాలు ఐడిల్ల ఉంచితే ఫ్యాను గుంజేస్తది. ఆవిరి లేస్తున్నా, నీళ్లు కారుతున్నా ఎంబడే ఇంజిన్ బంద్ చెయ్యాలె.

మూత మాత్రం ముట్టుకోవద్దు. 110 డిగ్రీల నీళ్లు ఒత్తిడి మీద ఉంటయి, మూత కదలంగనే ఆవిరై మొఖం మీదికి వస్తయి. మీది పైపును చేత్తోని పట్టుకోని నొక్కగలిగేంత సల్లారాలె, దానికి అరగంట, కొన్నిసార్లు అంతకన్న ఎక్కువే పడుతది. తర్వాత కూడ మందం గుడ్డ ఏసి, సగం తిప్పి, ఒత్తిడి పోయినంకనే తియ్యాలె. ఉడుకుతున్న ఇంజిన్ మీద సల్లటి నీళ్లు గుమ్మరించొద్దు, హెడ్ పగులుతది. కూలెంట్ లేకుంటే తాగే నీళ్లు పొయ్యండ్రి, ఏం కాదు, ఊరికి పోయినంక తీసేసి సక్కగ నింపుకోవచ్చు. అడవిల చాన దూరం ఫోన్లు కలవవు, రాత్రి 9కి దారి మూస్తరు, కాబట్టి బండిల ఒక 5 లీటర్ల క్యాన్ ఉంచుకోండ్రి. ఇంజిన్ బంద్ ఉన్నా కరెంటు ఫ్యాను దానంతట అదే తిరుగుతది, రెక్కల్ల చెయ్యి పెట్టొద్దు. కోతులు వస్తయి, సంచులు కారు లోపల పెట్టి అద్దాలెక్కించుండ్రి.

పాత కూలెంట్‌ను ఎండిన మోరీల పారబోసేటోళ్లున్నరు. చాన కూలెంట్లల్ల ఎథిలీన్ గ్లైకాల్ ఉంటది, తియ్యగ ఉంటది, విషం. కుక్కలు, మేకలు నాకుతయి, మూత్రపిండాలు పోయి సస్తయి. పిల్లలున్న ఇంట్ల కూల్‌డ్రింక్ సీసాల అసలే నింపి పెట్టొద్దు. మా షెడ్డుల అయితే మూత గట్టిగుండే డబ్బాల పోసి, మీద రాసి, తాళమేసిన అల్మారల పెడతం, తర్వాత పాత ఆయిల్ కొనేటాయనను అడిగి అప్పజెప్తం.